389 నంబరు మైనపు బిళ్ళ

శుభవార్త మధ్యాహ్నం మూడూ నలభైకి వచ్చింది.

స్టెల్లా ఫోనెత్తగానే బిందు ముందు కాసేపు ఏడ్చింది, తరువాత నవ్వింది, ఆ రెండూ తీరాక గాని ఆ పిల్లకి మాట రాలేదు.

"మూగబోయిందంట ఆంటీ. పాడవలేదంట. ఉత్తినే మూగబోయిందంట."

స్టెల్లా కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. పద్దెనిమిది రోజులుగా ఆమె తిరిగిందంతా ఆ ఒక్క మాట కోసమే.

బిందు అమలాపురంలో ఒక ప్రైవేటు బళ్ళో సైన్సు చెబుతుంది. పెళ్ళయి నాలుగు నెలలు నిండలేదు. తల్లి సరోజిని, రిటైరైన లెక్కల టీచరు, గర్భసంచి క్యాన్సర్‌తో మూడు వారాల కిందట పోయింది. గుండె బలహీనంగా ఉందని ఆమెకు ఆపరేషన్ చెయ్యలేకపోయారు. లోపలి పొరని చిటికెడు గీకి తీసి, మైనంలో పోసి బిళ్ళ కట్టి, దాన్ని హైదరాబాదు పరీక్షకి పంపుకోమని ఆసుపత్రి వాళ్ళు ఆమె చేతికే ఇచ్చారు. ఆ బిళ్ళ అమలాపురంలో నమూనాలు తీసుకునే కలెక్షన్ సెంటర్ దాకా వెళ్ళింది. తరువాత ఏమైందో చెప్పే నాథుడు లేడు. అప్పుడు బిందు స్టెల్లా మేడ మెట్లెక్కింది.

ఆ బిళ్ళలో ఉన్నది తల్లి జబ్బు కాదు, కూతురి జాతకం. కణం తన నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతాయి. ఆ తప్పులు దిద్దే జన్యువు ఒకటుంది, ఎమ్ఎల్‌హెచ్ వన్ అంటారు దాన్ని. సరోజిని గడ్డలో అది పనిచెయ్యడం లేదు. ఎందుకు చెయ్యడం లేదన్నదే ప్రశ్న. కాలువలో నీళ్ళు రావడం లేదంటే పైన గండి పడి ఉండాలి, లేదా లాకు తలుపులు మూసి ఉండాలి. జన్యువు పుట్టుకతోనే చెడి ఉంటే గండి పడ్డట్టు. అది తల్లి నుంచి బిడ్డకి రావడానికి సగానికి సగం అవకాశం. జన్యువు బాగానే ఉండి, దాని మొదట్లో మిథైల్ అనే రసాయనం ముద్రలు ముద్రలుగా అతుక్కుని నోరు నొక్కేస్తే లాకు మూసినట్టు. అది ఎక్కువగా వయసు మీదపడ్డాక ఆ ఒక్క గడ్డలో జరిగే పని. బిడ్డ దాకా రాదు.

రిపోర్టు లాకు మూసిందని చెబుతోంది. అందుకే బిందు ఏడ్చి నవ్వింది. రేపు ఇవ్వాల్సిన రక్తపరీక్ష రద్దు చేయించేసిందట. వాయిదా వేసుకున్న పిల్లల మాట ఇవాళ మళ్ళీ ఎత్తుకున్నారట. వాళ్ళాయన అప్పుడే బజారుకెళ్ళి, ఏం కొనాలో తోచక, చిలకల బొమ్మలున్న దుప్పటి ఒకటి కొనుక్కొచ్చాడట. ఆగస్టులో దుప్పటేంటండీ అంటే, ఏదో ఒకటి కొనాలిగా అన్నాడట. చెబుతూ బిందు మళ్ళీ నవ్వింది.

ఫోను పెట్టేశాక గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. మంచి కబురు విన్న మనిషికి దాన్ని వెంటనే ఎవరికో ఒకరికి చెప్పాలనిపిస్తుంది. స్టెల్లా ఫోన్లో పేర్లు పైనుంచి కిందికి జరిపింది. చివరిదాకా వచ్చి ఆగింది. నలభై ఆరేళ్ళ మనిషి ఆమె. భర్త చనిపోయిన ఏడు ఎస్సై ఉద్యోగం వదిలేసి టైపు ఇన్‌స్టిట్యూట్ మీద ఈ గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు కట్టింది. ఏజెన్సీ అంటే ఆమె ఒక్కతే. కబురు చెప్పుకోవడానికి కిందికి దిగి, గోళీసోడా బండి మనిషికి "ఇవాళ ఒక కేసు బాగా ముగిసిందండి" అని చెప్పింది. ఆయన "ఆయ్, మంచిదండి" అని నిమ్మకాయ ఒకటి ఎక్కువ పిండాడు. ఆ మాత్రానికే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సోడా పట్టుకుని మళ్ళీ పైకొచ్చి, కేసు మూసెయ్యడానికి ఫైలు తీసి, బిందు పంపిన రిపోర్టుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీ మూడో వరుస దగ్గర ఆమె కలం ఆగిపోయింది.

పరీక్షించిన ముక్కలో గడ్డ గర్భసంచి కండరపు గోడలోకి సగానికి పైగా చొచ్చుకుపోయి ఉంది అని రాశారక్కడ.

కండరపు గోడ. సరోజిని దగ్గర తీసింది లోపలి పొరలో చిటికెడు. గోడ లోతు ఎంతో చెప్పాలంటే గోడ చేతిలో ఉండాలి. అంటే గర్భసంచి మొత్తం బయటికి తీసి ఉండాలి.

స్టెల్లా తన నోటుబుక్కు తిప్పింది. మొదటి రోజు బిందు చూపించిన ఆసుపత్రి చీటీలో బిళ్ళ నంబరు 389. రిపోర్టు మీద 412.

సోడా సగంలోనే ఉండిపోయింది.

నాలుగున్నరకి ఆమె కలెక్షన్ సెంటర్‌లో ఉంది. కౌంటరు వెనక గదిలో, సొంత ఇల్లన్నట్టు కాళ్ళు చాపుకుని బుచ్చిరాజు కూర్చున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేశారు, ఆయన సీఐ, ఆమె ఎస్సై. ఇప్పుడాయనకీ ఒక ఏజెన్సీ ఉంది, అందులో ఆరుగురు మనుషులున్నారు. బిళ్ళ పోయిందని గోల మొదలవగానే సెంటర్ వాళ్ళు ఆయన్ని పెట్టుకున్నారు.

"రండి స్టెల్లా గారూ. మీరు పద్దెనిమిది రోజులు వెతికింది నేను మూడ్రోజుల్లో జాడ పట్టేను. అభినందించడానికొచ్చేరా?"

"ఎక్కడ దొరికిందో తెలుసుకుందామనొచ్చేనండి."

"దొరికింది కదా. కేసు ముగిసింతర్వాత కూడా వెతికేవాళ్ళని మన డిపార్ట్‌మెంట్లో ఏమనేవారో గుర్తుందా? పనీపాటా లేనోళ్ళు అనేవారు."

"ఆయ్. విప్పకుండానే ముగించేవాళ్ళని ఏమనేవారండి?"

బుచ్చిరాజు నవ్వాడు గాని కాళ్ళు ముడుచుకున్నాడు. స్టెల్లా రిపోర్టు ఆయన ముందు పెట్టి రెండు నంబర్లూ వేలితో చూపించింది. ఆయన ఆ మాత్రం తనకూ తెలుసన్నట్టు చెయ్యి ఊపాడు. హైదరాబాదు వాళ్ళు బిళ్ళని పక్కన పెట్టడానికి కారణం అదేనట. ఫారం మీద ఒక నంబరు, బిళ్ళ మీద పెన్సిల్‌తో రాసింది మరొకటి. అలాంటివి రెండు వచ్చాయట ఒకే రోజు. దీని నంబరు దాని మీద, దాని నంబరు దీని మీద. ఫారాలు నింపిన అమ్మాయి తారుమారు చేసిందని తాను ఇట్టే పట్టేసి, నంబర్లు అటుదిటూ ఇటుదటూ దిద్దించి, సెంటర్ చేత ఉత్తరం రాయించాడట. ఒక రిపోర్టు పోయిన వారం వెళ్ళిపోయింది. రెండోది ఇవాళ.

స్టెల్లా కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఆ అమ్మాయిని అడిగేరాండి, తారుమారు చేసేవా అని?"

"అడిగేదేంటండి. కవరు మీద పేరు శుభ్రంగా ఉంది. పేరుని నమ్మాలా, పెన్సిల్ నంబర్ని నమ్మాలా?"

"కవర్ని ఎవరైనా విప్పొచ్చండి సీఐ గారూ. పెన్సిల్ నంబరు బిళ్ళని పట్టుకునే ఉంటుంది." ఆమె మూడో వరుస మీద వేలు పెట్టింది. "ఇది చదివేరా? సరోజిని గారికి ఆపరేషనే అవ్వలేదు. ఈ గోడెక్కడిదండి?"

ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ మొహం ఎన్ని మొహాల్ని పాలిపోయేలా చేసిందో గాని, అదే పాలిపోవడం స్టెల్లా ఎప్పుడూ చూడలేదు. చూసి సంతోషించాలనుకుంది, వీల్లేకపోయింది. ఆయన కూడా ఆ గదిలో ఒంటరివాడిలాగే కనిపించాడు.

అయినా ఒప్పుకోలేదు. సంతకాలు అయిపోయాయని, ఇప్పుడు కదిపితే సెంటర్ పరువునష్టం కేసు వేస్తుందని గొంతు పెంచాడు. రెండో రిపోర్టు ఎవరిదో చెప్పమంటే, వేరేవాళ్ళ జబ్బు సంగతి చెప్పడం నేరమన్నాడు. ఆ మాట మాత్రం నిజమే. చెప్పింది ఒకటే. జులై పన్నెండు శనివారం పొద్దున్న తొమ్మిదింబావుకి రెండు కవర్లూ ఒకే సంచిలో వచ్చాయి. ముమ్మిడివరం దారిలో ప్రార్థన మందిరం నడిపే పాస్టరమ్మగారు స్కూటీ మీద తెచ్చి ఇచ్చి వెళ్ళారు.

స్టెల్లా లేచింది. ఆసుపత్రి వాళ్ళు సరోజినికి కవరు ఇచ్చింది శుక్రవారం పొద్దున్న పదింటికి. సెంటర్‌కి చేరింది శనివారం తొమ్మిదింబావుకి. మధ్యలో ఇరవై మూడుంబావు గంటలు.

"స్టెల్లా గారూ," వెనకనుంచి బుచ్చిరాజు పిలిచాడు. "ఆ పిల్లకి మంచి రిపోర్టొచ్చింది. దాన్నెందుకండీ చెడగొట్టడం?"

ఆమె స్కూటరు తీసింది. స్కూటరు మీద దారంతా ఆ ప్రశ్నే వెనక సీట్లో కూర్చుని వచ్చింది.

అయిదూ ముప్పై అయిదుకి మందిరం చేరేసరికి జెస్సీ అమ్మగారు రేపటి ఉపవాస ప్రార్థన కోసం చాపలు దులుపుతున్నారు. అరవై దాటిన మనిషి. భర్త శామ్యూల్ పాస్టరుగారు వేరే ఊళ్ళో కూటాలకి వెళ్ళారు. వందనాలు చెప్పి విషయం ఎత్తగానే ఆవిడ చాప కింద పెట్టి, బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు.

తెల్ల గుడ్డ పరిచిన బల్ల. దాని మీద వెదురు బుట్ట. శుక్రవారం వచ్చే ఆడవాళ్ళు ఆ బుట్టలో ఏదో ఒకటి పెడతారు. పిల్లల హాల్ టికెట్లు, ఉద్యోగం కాగితాలు, ఆసుపత్రి కవర్లు. పదకొండు నుంచి రెండింటి దాకా ప్రార్థన. ముగిశాక పరీక్షకి వెళ్ళే కవర్లని విడిగా ఉంచి, మర్నాడు అమలాపురం వెళ్ళేటప్పుడు అమ్మగారే సెంటర్లో ఇచ్చేస్తారు. ప్రార్థన చెయ్యకుండా ఆ బిళ్ళని పంపడం ఈ చుట్టుపక్కల ఎవరికీ మనసొప్పదు. జులై పదకొండున బుట్టలో అలాంటి కవర్లు రెండున్నాయి.

రాత్రి ఎక్కడ పెట్టారని స్టెల్లా అడిగింది. గోడవారగా ఉన్న ఇనుప బీరువా చూపించారు. తాళం చెవి దానికే వేలాడుతోంది. ఎప్పుడూ అలాగే వేలాడుతుందట. స్టెల్లా బీరువా తలుపు తీసి చూసింది. పాటల పుస్తకాలు, బైబిళ్ళు, కవర్లు కుట్టే స్టాప్లర్, ఒక పెట్టెడు పిన్నులు. కవరు విప్పి మళ్ళీ మూయడానికి కావలసినవన్నీ అరచేయంత మేరలోనే ఉన్నాయి.

"ఆరోజు అందరూ వెళ్ళేక ఇక్కడెవరైనా ఉన్నారాండి అమ్మగారూ?"

జెస్సీ అమ్మగారు ఆలోచించారు. మూడింటికి తాను ఒక చావు ఇంటికి ప్రార్థనకి వెళ్ళారు. వచ్చేసరికి అయిదున్నర. సరోజిని టీచరు మాత్రం బస్సు నాలుగూ నలభైకని, అప్పటిదాకా ఒంటరిగా కాసేపు మోకరిస్తానని ఉండిపోయింది. ఫ్యాను కింద కుర్చీ వేసి వెళ్ళానని చెబుతూ ఆవిడ ఆగిపోయారు.

"మీరేం అనుకుంటన్నారో గాని, ఆ టీచరమ్మ అలాంటి మనిషి కాదండి."

"ఎలాంటి మనిషో నాకు తెలీదండి. రెండో కవరు ఎవరిదో చెప్పండి చాలు."

ఆవిడ చెప్పనన్నారు. ఆ తల్లి కొత్తపేట వైపు నుంచి రెండు బస్సులు మారి, ఇంట్లో తెలియకుండా వస్తుందట. వాళ్ళది భూములున్న రైతు కుటుంబం, గుళ్ళకి పెద్ద పెద్ద విరాళాలిచ్చినవాళ్ళు. ఇక్కడికొస్తున్నట్టు బయటపడితే ఇంట్లో అన్నం పుట్టదట. పేరు చెప్పనని ఆవిడకి మాటిచ్చానన్నారు.

స్టెల్లా చాప మీద కూర్చుంది. కూర్చుని, గండి గురించి, లాకు గురించి, తొందర లేకుండా చెప్పింది. రెండు బిళ్ళలు మారిపోయి ఉంటే బిందు చేతిలో ఉన్న మంచి కబురు ఆ రెండో తల్లిది. ఆ రెండో తల్లికి వెళ్ళిన చెడ్డ కబురు సరోజినిది. ఆ తల్లికి పిల్లలుంటే, వాళ్ళకి లేని గండానికి వాళ్ళు భయపడుతుంటారు. ఇక్కడ భయపడాల్సిన పిల్ల చిలకల దుప్పటి కప్పుకుంటోంది.

విన్నంతసేపూ జెస్సీ అమ్మగారు బుట్ట అంచు పట్టుకునే ఉన్నారు. తరువాత బల్ల వెనక్కి వెళ్ళి చెక్కపెట్టె ఒకటి తెచ్చారు. పైన సన్నటి చీలిక, పక్కన 'రహస్య మనవులు' అని రంగుతో రాసి ఉంది. దేవుడికి మాత్రమే చెప్పుకునేవి రాసి అందులో వేస్తారు. ఎవరూ విప్పరు. డిసెంబరు ముప్పై ఒకటిన ప్రార్థన చేసి తగలబెట్టేస్తారు.

"టీచరమ్మ ఎప్పుడూ క్యాలెండరు కాగితం చింపి దాని వెనకాలే రాసేదండి. ఏ రోజుదైతే ఆ రోజుది." ఆవిడ చెయ్యి పెట్టె మూత మీదే ఉంది. "కానీ ఇది దేవుడికి రాసిన ఉత్తరం. నేను విప్పకూడదు."

"ఆయన ఎప్పుడో చదివేసుంటాడండి అమ్మగారూ. ఇప్పుడు చదవాల్సింది మనం."

చివరికి అమ్మగారే మూత తీశారు. మిగతా చీటీలు విప్పకుండా, ఒక్కొక్కటీ బోర్లించి పక్కన పెడుతూ వెతికారు. జులై 11 అని ఎర్రగా అచ్చయిన కాగితం అడుగునుంది. నాలుగు మడతలు. స్టెల్లాకి ఇవ్వకుండా తానే విప్పి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివారు. బళ్ళో బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు.

"ప్రభువా, మా అమ్మ ఈ జబ్బుతోనే పోయింది. మా అక్క ఈ జబ్బుతోనే పోయింది. ఈ సంగతి బిందుకి నేను ఎన్నడూ చెప్పలేదు. నా కాగితంలో ఏం వస్తుందో నాకు తెలుసు. అది చూసి నా బిడ్డ పెళ్ళయిన మూడు నెలలకే బతకడం మానేస్తుంది. పక్కన కవరు మంగాయమ్మ గారిది. ఆవిడకి ఇద్దరూ మగపిల్లలే. గర్భసంచి కాగితం మగపిల్లల్ని ఏం చేస్తుంది. అందుకే మార్చాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పాను. నన్ను క్షమించు."

స్టెల్లా తల వంచుకుంది. నేరస్థుడు దొరికితే రావలసిన ఊపు రాలేదు. ఖాళీ మందిరంలో ఫ్యాను కింద కూర్చుని, పిన్నులు ఊడదీస్తూ, బస్సు టైము చూసుకుంటూ ఉన్న ఒక మనిషి కళ్ళ ముందు కదిలింది. ఎవరికీ చెప్పుకోలేక, చెప్పుకున్నది కూడా తగలబడిపోయే చోట చెప్పుకున్న మనిషి. పైగా లెక్కల టీచరు లెక్క తప్పింది. ఆ గండి మగపిల్లల్నీ వదలదు, వాళ్ళకి పేగుల్లో వస్తుంది.

కానీ జెస్సీ అమ్మగారి మొహంలో రంగు పోయింది అందుకు కాదు.

"ఇద్దరు మగపిల్లలే కాదండి. కూతురుంది."

ఆవిడ గొంతు తగ్గించి, తడబడుతూ చెప్పారు. సాయిదుర్గ అని ముప్పై ఒక్కేళ్ళ పిల్ల. పెళ్ళై అయిదేళ్ళు, ఇంకా కడుపు పండలేదు. తల్లికి గర్భసంచి జబ్బని వియ్యాలవారికి తెలిస్తే పిల్లలు పుట్టకపోవడానికి అదే కారణమని కోడలి మీద రుద్దుతారు. ఆవిడని ఎరగని వాళ్ళ ఊరివాళ్ళు కొందరు ఈ మందిరంలోనూ ఉన్నారు, కూతురి పేరు వింటే పట్టేస్తారు. అందుకని మంగాయమ్మ ఇక్కడ ఎన్నడూ కూతురి పేరెత్తి ప్రార్థన అడగలేదు, కొడుకుల కోసమే అడిగేది. విన్నవాళ్ళందరికీ ఆవిడకి ఇద్దరూ మగపిల్లలే.

"ఇవాళ పొద్దున్నే మొదటిసారి కూతురి కోసం ప్రార్థన చెయ్యమని ఫోన్ చేసిందండి. రిపోర్టులో వంశపు జబ్బని వచ్చిందంట. ఆ పిల్ల అమ్మలా చావను, సంచి తీసెయ్యండని పట్టుబట్టిందంట. కొత్తపేట నర్సింగ్ హోములో రేపు పొద్దున్న పదింటికి ఆపరేషను."

అమ్మగారు అప్పటికప్పుడు మంగాయమ్మకి ఫోన్ కలిపారు. మంగాయమ్మ గొంతు దాచుకుని మాట్లాడింది. పక్కన అల్లుడి తరఫు వాళ్ళున్నారు కాబోలు. రిపోర్టు మారిపోయిందంటే, డాక్టరుగారు కాగితం చూసే చెప్పారంది. మీ కాగితం ఏదండీ అని అడిగింది. నోటిమాట నమ్మి ఆపితే రేపు నా బిడ్డకేమైనా అయితే అని ఏడ్చి పెట్టేసింది. ఆవిడ తప్పేం లేదు. సెంటర్ సంతకం ఉన్న కాగితం ముందు ఒక చీటీ, ఒక డిటెక్టివ్ మాట ఎంత.

స్టెల్లా లెక్క వేసుకుంది. సరోజిని పేరు, 389 నంబరు, రెండూ కలిసి ఉన్న ఒకే ఒక్క కాగితం, ఆసుపత్రి ఇచ్చిన అసలు చీటీ, బిందు దగ్గరుంది. ఆ 389 నంబరు బిళ్ళ రిపోర్టు సాయిదుర్గ ఫైల్లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, ఇది మా అమ్మది అని వారసురాలు నోరు విప్పి చెబితే ఏ డాక్టరూ కత్తి పట్టుకోడు. చెప్పాలంటే బిందు తన శుభవార్తని తన చేతులతోనే వాళ్ళకి ఇచ్చెయ్యాలి.

ఆరూ నలభైకి మందిరం అరుగు మీద నిలబడి ఫోన్ చేసింది. అవతల టీవీ మోత, ఎవరో మగగొంతు నవ్వు. ఆంటీ, భోజనానికి రండి, మా ఆయన రొయ్యల వేపుడు చేస్తన్నారు అంది బిందు. ఎవరో తనని భోజనానికి పిలిచి ఎన్నాళ్ళయిందో స్టెల్లాకి గుర్తు రాలేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, వస్తానమ్మా అని పెట్టేద్దామనిపించింది.

"బిందూ, కాస్త పక్కకి రామ్మా. కూర్చుని విను."

చెప్పింది. ఏదీ దాచలేదు, చీటీలో మాటలతో సహా. టీవీ ఎప్పుడు ఆగిందో తెలియదు.

"మా అమ్మమ్మ జ్వరంతో పోయిందని చెప్పేది ఆంటీ," అంది బిందు చివరికి. "నాకు ఉన్నట్టేనా?"

"తెలీదమ్మా. ఉండొచ్చు, లేకపోవచ్చు, సగానికి సగం. రక్తపరీక్ష చెబుతుంది. ఉన్నా ఏడాదికోసారి చూపించుకుంటూ కాచుకోవచ్చంట. కానీ కొత్తపేటలో ఆ అమ్మాయికి అంత టైము లేదు."

అవతల బీరువా తలుపు తీసిన చప్పుడు, కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"చీటీ ఉంది ఆంటీ. మూడు వందల ఎనభై తొమ్మిది." కాగితం మడిచిన చప్పుడు. "ఎన్నింటికి రమ్మంటారు?"

"రేపు పొద్దున్న ఏడింటికి మీ గుమ్మం ముందుంటాను. ఎనిమిదిన్నరకల్లా కొత్తపేటలో ఉండాలి. డాక్టరుతో ముందు నువ్వు మాట్లాడు, తరువాత నేను మాట్లాడతాను. అక్కడ ఆపరేషను ఆగేక, తిరిగొచ్చేటప్పుడు అమలాపురంలో ఆగి నువ్వు రక్తం ఇస్తావు. పరగడుపున రావక్కర్లేదు, ఏదైనా తినేసి రా. రిపోర్టొచ్చే రోజు దాకా నేను నీతోనే ఉంటాను."